మత్తుమందు చరిత్ర – 6: ఊపిరా, గుండెనా? హైదరాబాదు క్లోరోఫారం కమిషన్

క్లోరోఫారం మోతాదు మించి మనిషి చనిపోతే ముందుగా ఆగేది ఊపిరా, గుండెనా? పందొమ్మిదో శతాబ్దంలో శస్త్రచికిత్స చేసే ప్రతి వైద్యుడినీ వేధించిన ప్రశ్న ఇది. లండన్, ఎడిన్‌బరో వైద్యులు నలభై ఏళ్లు వాదించుకున్నా తేల్చలేకపోయారు. 1888లోనూ 1889లోనూ ఈ తగవును విచారణకు పెట్టింది హైదరాబాదు. ఖర్చు భరించింది నిజాం ప్రభుత్వం. ప్రయోగాలు జరిపింది అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి, హైదరాబాదు వైద్య పాఠశాలల వైద్యులు. ఆ విచారణ సగం నిజాన్ని పట్టుకుంది, మిగతా సగాన్ని కాదన్నది. మందు మెదడు మీద, నాడుల మీద ఎలా పనిచేస్తుందో ఆ తర్వాతి శతాబ్దంలో తెలిశాక, ఆ సగం ఎందుకు నిజమో, ఈ సగం ఎందుకు జారిపోయిందో స్పష్టమైంది.

హైదరాబాదుకు ముందు

1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో విలియం మోర్టన్ ఒక రోగికి ఈథర్ పీల్పించాడు. జాన్ కాలిన్స్ వారెన్ ఆ రోగి మెడ మీది కంతికి శస్త్రచికిత్స చేశాడు. నొప్పి తెలియకుండా కోత పెట్టవచ్చని లోకానికి రుజువైంది ఆ రోజే. ఏడాది దాటాక, 1847 నవంబరులో, ఎడిన్‌బరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారాన్ని వాడుకలోకి తెచ్చాడు.

భారతదేశంలో ఈథర్ కంటే క్లోరోఫారమే నిలదొక్కుకోవడానికి బలమైన కారణాలున్నాయి. ఈథర్ సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగిపోతుంది. మన వేసవి ఎండల్లో దాన్ని సీసాలో నిలవ ఉంచడమే కష్టం. పైగా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. నూనె దీపాల వెలుగులో శస్త్రచికిత్స చేసే రోజుల్లో అది పెద్ద ప్రమాదం. క్లోరోఫారం 61 డిగ్రీల దగ్గర గాని మరగదు, మామూలుగా అంటుకోదు, కొద్దిపాటి చుక్కలతోనే మత్తు ఎక్కుతుంది.

ఆ బలంలోనే ప్రమాదం దాగి ఉంది. 1848 జనవరి 28న ఇంగ్లండులోని న్యూకాజిల్ దగ్గర హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫారం ఇచ్చారు. నిమిషాల్లోనే ఆమె ప్రాణం పోయింది. ఆ తర్వాత అలాంటి మరణాలు ఏటా వార్తల్లోకి ఎక్కుతూ వచ్చాయి. వైద్యులు రెండు పక్షాలుగా చీలారు. లండన్ వైద్యుడు జాన్ స్నో, ఆవిరి చిక్కగా ఉంటే క్లోరోఫారం గుండెనే స్తంభింపజేస్తుందన్నాడు. పీల్చే గాలిలో ఆవిరి పాళ్లు హద్దు దాటకుండా ఉండే పరికరాన్ని కూడా తయారుచేశాడు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ బోధించినది ఇందుకు భిన్నం: ప్రమాదం శ్వాసలో మొదలవుతుంది, కాబట్టి నాడి పట్టుకు కూర్చోకుండా రోగి ఊపిరినే కనిపెట్టి ఉండాలి.

1880లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ తరఫున గ్లాస్గోలో ఒక కమిటీ జంతువుల మీద ప్రయోగాలు చేసి, క్లోరోఫారం గుండెను బలహీనపరుస్తుందని నివేదించింది. ఎడిన్‌బరో పక్షం ఆ మాటను అంగీకరించలేదు.

ఎడ్వర్డ్ లారీ పంతం

జేమ్స్ సైమ్ శిష్యుడు ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చాడు. హైదరాబాదు వైద్య పాఠశాల బాధ్యతా ఆయనదే. 1846లో మొదలైన ఆ పాఠశాలే కాలక్రమంలో ఉస్మానియా వైద్య కళాశాల అయింది. అప్పుడు నిజాం రాజ్యం తూర్పున నేటి ఖమ్మం జిల్లాలోని వేంసూరు దాకా వ్యాపించి ఉండేది. ఆ వైపు ఎల్లలు దాటితే మద్రాసు ప్రెసిడెన్సీ. రాజధాని నుంచి ఇంత దూరాన ఉన్న అడవి అంచు గ్రామాలకు నవీన వైద్యం చేరాలంటే ఈ పాఠశాలలో చదివినవారే రావాలి. అందుకే మత్తు ఇచ్చే పద్ధతి సులువుగా నేర్చుకోగలిగినదై ఉండాలి, ఖరీదైన యంత్రాలు లేకుండా సాగాలి.

లారీ పద్ధతి అలాంటిదే. గరాటు ఆకారపు టోపీలో దూది పెట్టి, దాని మీద క్లోరోఫారం పోసి, రోగి ముక్కు ముందు ఉంచేవారు. మందు ఇచ్చే వ్యక్తి చూపంతా రోగి ఛాతీ, పొట్టల కదలిక మీదే ఉండాలి. కంటిపాప మీది పొరను తాకినా రెప్ప కొట్టుకోకపోతే మత్తు చాలినట్టు లెక్క.

ఈ పద్ధతిలో శిక్షణ పొందినవారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ పేరు చరిత్రలో నిలిచింది. పార్సీ కుటుంబానికి చెందిన ఆమె 1885లో వైద్య పాఠశాలలో చేరి, 1889లో చదువు పూర్తిచేసింది. హైదరాబాదు ఆసుపత్రుల్లో రోగులకు క్లోరోఫారం ఇచ్చే పనినే తన వృత్తిగా చేసుకుంది. తర్వాత ఎడిన్‌బరోకు వెళ్లి పై చదువు చదివింది. మత్తుమందు వైద్యాన్ని వృత్తిగా స్వీకరించిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు వైద్యురాలు ఆమేనని పలువురు చరిత్రకారులు రాశారు.

రెండు కమిషన్లు

1888లో లారీ మొదటి కమిషన్‌ను ఏర్పాటు చేయించాడు. పాట్రిక్ హేహిర్ వంటి స్థానిక వైద్యులు అందులో పనిచేశారు. నూరుకు పైగా కుక్కలకు క్లోరోఫారం మోతాదు మించి ఇచ్చి చూస్తే, ప్రతిసారీ శ్వాస ముందు ఆగింది, గుండె ఆ తర్వాత ఆగింది. సైమ్ చెప్పిందే నిజమని కమిషన్ ప్రకటించింది.

లండన్ నుంచి వెలువడే లాన్సెట్ పత్రిక ఈ ఫలితాన్ని సందేహించింది. లారీ వెనక్కి తగ్గలేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం, లాన్సెట్ తనకు నమ్మకమైన శాస్త్రవేత్తనే పంపి ప్రయోగాలు మళ్లీ చేయించుకోవచ్చంటూ వెయ్యి పౌండ్లు ఇవ్వజూపింది. లాన్సెట్ ఎంచుకున్నది థామస్ లాడర్ బ్రంటన్‌ను. గుండెనొప్పికి అమైల్ నైట్రైట్ వాడవచ్చని 1867లో కనిపెట్టి పేరు పొందిన మందుల శాస్త్రవేత్త ఆయన. క్లోరోఫారం గుండెను దెబ్బతీయగలదని నమ్మే బ్రంటన్ హైదరాబాదుకు బయలుదేరాడు.

1889 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండో కమిషన్ పనిచేసింది. లారీ అధ్యక్షుడు, బ్రంటన్, జెరాల్డ్ బాంఫర్డ్, రుస్తుంజీ సభ్యులు. కుక్కలు, కోతులు, మేకలు, గుర్రాలు, పిల్లులు, కుందేళ్లు కలిపి వందలాది జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. నూటికి పైగా ప్రయోగాల్లో రక్తనాళానికి మానోమీటర్ కలిపి, రక్తపీడనం ఎత్తుపల్లాలను తిరిగే డ్రమ్ము మీద గీతలుగా నమోదు చేశారు. ఆ గీతలకు ఫొటోలు తీశారు. లండన్‌లో ఉన్నవారు కూడా తమ కళ్లతో చూసి తేల్చుకునే వీలు కల్పించడం ఆ రోజుల్లో గొప్ప విషయం.

ఫలితం మొదటి కమిషన్ చెప్పినట్టే వచ్చింది. ప్రమాదం ఊపిరాడకపోవడం వల్లనో, మోతాదు మించడం వల్లనో వస్తుంది గాని, గుండెకు నేరుగా ఏ ప్రమాదమూ లేదని బ్రంటన్ లాన్సెట్‌కు తంతి పంపాడు. ఆయన తన పాత అభిప్రాయాన్ని మార్చుకున్న సంగతి వైద్యలోకంలో పెద్ద సంచలనమైంది. 1890లో లాన్సెట్ ఆ నివేదికను ప్రచురించింది. రోగిని వెల్లకిలా పడుకోబెట్టాలి, ఛాతీ మీద, మెడ దగ్గర బట్టలు వదులు చేయాలి, ఊపిరిని ఒక్క క్షణం కూడా విడవకుండా గమనించాలి, శ్వాస అడ్డగిస్తే దవడను ముందుకు నెట్టి నాలుకను లాగాలి, అవసరమైతే కృత్రిమ శ్వాస ఇవ్వాలి అని కమిషన్ సూచించింది. ఈ సూచనల్లో చాలా భాగం నేటికీ చెల్లుతుంది.

జారిపోయిన సగం

కమిషన్ పొరపాటు నాడి చూడనక్కర లేదన్న మాటలో ఉంది. 1893లో కేంబ్రిడ్జిలో గాస్కెల్, షోర్ ఇద్దరూ మరో రకం ప్రయోగం చేశారు. రెండు జంతువుల రక్తప్రసరణను కలిపి, క్లోరోఫారం ఉన్న రక్తం ఒక దాని మెదడుకు మాత్రమే చేరేలా ఒకసారి, గుండెకు మాత్రమే చేరేలా మరోసారి చూశారు. మందు గుండెను చేరినప్పుడు రక్తపీడనం పడిపోయింది. గుండె కండరాన్ని క్లోరోఫారం నేరుగా బలహీనం చేస్తుందని తేలింది.

1911లో గుడ్‌మన్ లెవీ అసలు చిక్కును విప్పాడు. పిల్లులకు క్లోరోఫారం తేలికగా ఇచ్చి, ఆ సమయంలో అడ్రినలిన్ ఎక్కిస్తే, గుండె కింది గదులు లయ తప్పి వణికి, హఠాత్తుగా ఆగిపోయాయి. క్లోరోఫారం గుండె కండరాన్ని అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తుంది. భయపడుతూ బల్ల మీద పడుకున్న రోగి ఒంట్లో అడ్రినలిన్ అప్పటికే పొంగుతూ ఉంటుంది. మత్తు పూర్తిగా ఎక్కకముందే కోత పెడితే అది ఇంకా పెరుగుతుంది. హానా గ్రీనర్ వంటివారు మత్తు ఇంకా లోతు కాకముందే చనిపోవడానికి ఇదే కారణమని చాలామంది భావిస్తారు.

హైదరాబాదులో జంతువులకు మత్తును ప్రధానంగా లోతుకు తీసుకుపోయి, ఊపిరి ఆగేదాకా చూశారు. ఆ దారిలో నిజంగానే ముందు ఆగేది ఊపిరి. తేలిక మత్తులో, భయం మధ్య వచ్చే మరణం వేరే దారిన వస్తుంది. ఒక దారిని కచ్చితంగా చూసినవారు, రెండో దారి లేనే లేదన్నారు.

ఊపిరి ఎందుకు ముందు ఆగుతుంది

మత్తుమందు మెదడంతటినీ ఒకేసారి ఒకే తీరున అణచదు. మోతాదు పెరిగేకొద్దీ ఒక్కో భాగం లొంగుతుంది. తక్కువ పాళ్లలోనే జ్ఞాపకాన్ని భద్రపరిచే హిప్పోకాంపస్ పని మందగిస్తుంది. తర్వాత మస్తిష్క వల్కలం, థాలమస్‌ల మధ్య సంకేతాల రాకపోకలు చెదిరి స్పృహ పోతుంది. కోత పెట్టినా ఒళ్లు కదలకుండా ఉండటం మెదడు కంటే వెన్నుపాము మీద ఎక్కువ ఆధారపడుతుందని 1993లో జంతు ప్రయోగాలు చూపాయి. అన్నిటికంటే మొండిగా నిలిచేది మెదడు అడుగున ఉండే మజ్జాముఖం. శ్వాస లయను పుట్టించే నాడీకణాలు అక్కడ ఉంటాయి. అవి కూడా లొంగితే ఛాతీ కదలిక ఆగిపోతుంది. కాసేపటికి ఆక్సిజన్ అందక గుండె కూడా ఆగుతుంది. హైదరాబాదు గీతల్లో కనబడిన వరస ఇదే.

ఇక మందు ఒక్కో నాడీకణాన్ని ఎలా పట్టుకుంటుంది? 1899లో జర్మనీలో హాన్స్ మేయర్, 1901లో స్విట్జర్లాండులో చార్లెస్ ఓవర్టన్ ఎవరికి వారు ఒకే సంగతి కనిపెట్టారు: ఆలివ్ నూనెలో ఎంత బాగా కరిగితే ఆ మందుకు అంత మత్తు. నాడీకణం పై పొర కొవ్వుతో నిండి ఉంటుంది కాబట్టి మందు ఆ కొవ్వులో కరిగి పొరను మార్చేస్తుందని దశాబ్దాల పాటు నమ్మారు.

1984లో లండన్‌లో నికొలస్ ఫ్రాంక్స్, విలియం లీబ్ ఆ నమ్మకాన్ని కదిలించారు. మిణుగురు పురుగులో వెలుగును పుట్టించే ప్రోటీన్‌ను కొవ్వు లేకుండా వేరుచేసి మత్తుమందులు కలిపితే, మనిషికి మత్తు ఎక్కే పాళ్లలోనే ఆ వెలుగు తగ్గింది. మందు నేరుగా ప్రోటీన్లనే పట్టుకోగలదని తేలింది. 1988లో వాళ్లే ఒక చెరువు నత్త నాడీకణాల్లో, మత్తుమందు తగలగానే పొటాషియం బయటికి పారే ద్వారాలు తెరుచుకోవడం చూశారు. పొటాషియం బయటికి పోతే కణం శాంతిస్తుంది, సంకేతం పంపడం మానుతుంది. క్లోరోఫారం తెరిచే అలాంటి పొటాషియం ద్వారాలు క్షీరదాల నాడీకణాల్లోనూ ఉన్నాయని 1999లో రుజువైంది.

మెదడులో ఒక నాడీకణం మరొకదాన్ని అణచడానికి గాబా అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. అది తన గ్రాహకానికి అంటుకోగానే క్లోరైడు లోపలికి వచ్చి కణం ఊరుకుంటుంది. ప్రొపొఫాల్, థయోపెంటోన్, సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్ వంటివి ఈ గాబా గ్రాహకం పనిని బలపరుస్తాయి. గాబా గ్రాహకంలో ఒకే ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చిన ఎలుకల మీద ఎటోమిడేట్, ప్రొపొఫాల్ అనే మత్తుమందులు సరిగా పనిచేయలేదని 2003లో తేలింది. కెటమిన్ దారి వేరు. అది కణాలను ఉత్తేజపరిచే గ్లూటమేట్ గ్రాహకాల్లో ఎన్ఎండీఏ రకాన్ని మూసేస్తుంది. అందుకే కెటమిన్ ఇచ్చిన రోగి నొప్పి తెలియకుండా ఉన్నా, శ్వాస సాధారణంగా సాగుతూనే ఉంటుంది.

కొవ్వు పొర కథ పూర్తిగా ముగియలేదు. నాడీకణం పొరలోని కొవ్వు గుంపులను క్లోరోఫారం, ఐసోఫ్లూరేన్ చెదరగొట్టి, ఆ మార్పు ద్వారానే పొటాషియం ద్వారాలను తెరుస్తాయని 2020లో ఒక పరిశోధన చూపింది.

అడవి అంచున నాడీమందులు

వేంసూరు, అశ్వారావుపేట, భద్రాచలం వైపు అడవుల్లో నాడీమండలాన్ని పట్టే పదార్థాలు ప్రకృతిలోనే ఉన్నాయి. మత్తుమందు పనిని అర్థం చేసుకోవడానికి వాటికంటే మంచి ఉదాహరణలు దొరకవు.

ముషిణి, అంటే విషముష్టి. దాని గింజలు అటవీ ఫలసాయంగా గిరిజన సహకార సంస్థ కొనేవాటిలో ఉన్నాయి. ఆ గింజల్లోని స్ట్రిక్నిన్ వెన్నుపాములో గ్లైసిన్ గ్రాహకాన్ని మూసేస్తుంది. గ్లైసిన్ పని కండరాల నాడులను అదుపులో ఉంచడం. ఆ అదుపు పోతే చిన్న శబ్దానికే ఒళ్లంతా విల్లులా వంగి బిగుసుకుంటుంది. స్పృహ మాత్రం చెడదు. స్ట్రిక్నిన్ విషానికి పందొమ్మిదో శతాబ్దంలో క్లోరోఫారమే పీల్పించేవారు. ఆ గ్లైసిన్, గాబా గ్రాహకాలనే క్లోరోఫారం బలపరుస్తుంది కనుక మూర్ఛలు తగ్గేవి. కారణం తెలియక ముందే వైద్యం కుదిరింది.

కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు నొప్పి చాలాసార్లు తెలియదు. దాని విషం మెదడు జోలికి పోదు. నాడి కండరాన్ని కలిసే చోట సంకేతాన్ని మోసే అసిటైల్‌కోలిన్ రాకపోకలను ఆపేస్తుంది. కనురెప్పలు వాలుతాయి, మింగుడు పడదు, చివరికి శ్వాస కండరాలు పడిపోతాయి. మనిషికి స్పృహ ఉంటూనే ఊపిరి ఆగుతుంది. వెంటిలేటర్ మీద ఉంచగలిగితే, పాము విషానికి విరుగుడు ఇస్తే, ప్రాణం నిలుస్తుంది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించడానికి వాడే మందులు కూడా ఇదే కూడలిలో పనిచేస్తాయి. దక్షిణ అమెరికా అడవి తెగలు బాణాలకు పూసిన కురారేను 1942లో మాంట్రియల్‌లో హెరాల్డ్ గ్రిఫిత్ శస్త్రచికిత్సకు వాడటంతో ఈ మార్గం తెరుచుకుంది. అలాంటి మందు మనిషిని కదలకుండా చేస్తుందే గాని నిద్రపుచ్చదు. అందుకే దాన్ని మత్తు లేకుండా ఎప్పుడూ ఇవ్వరు.

ఉమ్మెత్తలో అట్రోపిన్, హయోసిన్ అనే పదార్థాలున్నాయి. అవి అసిటైల్‌కోలిన్ మరో రకం గ్రాహకాలను మూసి, నోరు ఎండగొట్టి, కంటిపాపను పెద్దది చేసి, మెదడులో మతిభ్రమణ కలిగిస్తాయి. అదే అట్రోపిన్, పత్తి పొలాల్లో వాడే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు మింగినవారికి ఆసుపత్రిలో ప్రాణాధారం. ఆ పురుగుమందులు అసిటైల్‌కోలిన్‌ను కరిగించే ఎంజైమును చంపేస్తాయి. శరీరంలో అది పేరుకుపోయి చొంగ, శ్లేష్మం ఊపిరితిత్తులను ముంచెత్తుతాయి. అట్రోపిన్ ఆ వరదను ఆపుతుంది.

కల్లులో క్లోరల్ హైడ్రేట్

తెలంగాణలోని కొన్ని జిల్లాల్లో కల్లులో కలిపే కల్తీ కూడా ఈ కథలోదే. క్లోరల్ హైడ్రేట్, డయజెపాం, ఆల్ప్రజోలం ఆ కల్తీలో ఉంటున్నాయి. క్లోరల్ హైడ్రేట్‌ను 1869లో ఆస్కార్ లీబ్రైక్ నిద్రమందుగా ప్రవేశపెట్టాడు. అది ఒంట్లో విడిపోయి క్లోరోఫారం అవుతుందని ఆయన ఊహ. నిజానికి అది ట్రైక్లోరోఇథనాల్‌గా మారుతుంది. దాని పని గాబా గ్రాహకం మీదే. డయజెపాం, ఆల్ప్రజోలం కూడా అదే గ్రాహకం మీద మరో చోట అంటుకుంటాయి. సారా అణువు కూడా ఆ గ్రాహకాన్ని ప్రభావితం చేస్తుంది.

ఇలాంటి మందు రోజూ అందితే మెదడు సర్దుకుంటుంది. గాబా పని తగ్గుతుంది, గ్లూటమేట్ పని పెరుగుతుంది. సరఫరా ఒక్కసారిగా ఆగితే అదుపు లేని ఉత్తేజం మిగులుతుంది: వణుకు, నిద్రలేమి, భ్రమలు, మూర్ఛలు. 2015లో నిజామాబాద్ వంటి జిల్లాల్లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు ఈ లక్షణాలతో ఎందరో ఆసుపత్రుల పాలయ్యారు. అలవాటున్నవారు డాక్టరు పర్యవేక్షణలో క్రమంగా మానాలి తప్ప ఒక్కరోజులో మానకూడదు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు కల్లు, సారా, నిద్రమాత్రల అలవాటు గురించి అడిగేది ఇందుకే. అలవాటున్న మెదడుకు మత్తు మోతాదు వేరు, తర్వాతి రోజుల్లో ప్రమాదం వేరు.

నేటి ఆపరేషన్ గదిలో

క్లోరోఫారం ఇప్పుడు వాడుకలో లేదు. గుండెకూ, కాలేయానికీ హాని చేస్తుందని తేలాక, సురక్షితమైన మందులు వచ్చాక అది వైద్యం నుంచి తప్పుకుంది. ఒక్క మందుతోనే అన్నీ చేయించే పద్ధతి కూడా పోయింది. స్పృహ పోవడానికి ప్రొపొఫాల్, నొప్పికి నల్లమందు వర్గం మందు, కండరాల సడలింపునకు వేరొకటి ఇస్తారు. నల్లమందు వర్గానికి మెదడులో ప్రత్యేక గ్రాహకాలున్నాయని 1973లో తేలింది. మజ్జాముఖంలోనూ అవి ఉన్నాయి. అందుకే ఆ మందు మోతాదు మించితే ముందుగా మందగించేది ఊపిరే. చిన్న కోతలకూ ప్రసవాలకూ స్పృహ ఉంచి, ఒక భాగాన్ని మాత్రమే మొద్దుబారేలా చేస్తారు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ కొకైన్‌తో కంటికి ఇచ్చిన స్థానిక మత్తు ఇందుకు మొదలు. లిగ్నోకెయిన్ వంటి మందులు నాడి తీగలో సోడియం ద్వారాలను మూసి సంకేతాన్ని అక్కడే ఆపేస్తాయి. మెదడుకు నొప్పి వార్తే చేరదు.

రోగి పక్కన ఉండే పరికరాలు రెండు పక్షాల వాదాన్నీ కలిపి చూపిస్తాయి. బయటికి వచ్చే ఊపిరిలో కార్బన్ డయాక్సైడును కొలిచే క్యాప్నోగ్రాఫ్ శ్వాసను కనిపెడుతుంది. ఈసీజీ గుండె లయను, రక్తపీడన యంత్రం రక్తం ఒత్తిడిని కనిపెడతాయి. వేలికి తగిలించే పల్స్ ఆక్సిమీటరు రక్తంలో ఆక్సిజన్‌ను, నాడిని రెండింటినీ చెబుతుంది. ఊపిరిని విడవకుండా గమనించమన్న హైదరాబాదు సూత్రం వీటిలో ఒకటిగా నిలిచింది. గుండెను చూడనక్కర లేదన్న మాట మాత్రం నిలవలేదు. మత్తుమందు నాడీమండలంలో ఎన్ని చోట్ల పనిచేస్తుందో అన్ని చోట్లా కాపలా ఉండాలన్నది ఈ చరిత్ర నేర్పిన పాఠం.